గిర్ని స్టేజి

"సౌందర్య టిఫిన్! సౌందర్య టిఫిన్ కాడ దిగేటోళ్లు జల్ది దిగున్రి!"

రోడ్డు అవుతలి నుంచి ఆటో మొగిలి గొంతు. ఎంత గొంతో అది! మోటర్ మోత, రాయి మోత, తోలు పట్ట పటపటలు అన్నిటినీ దాటుకొని వచ్చి ఖమర్ బీ చెవుల పడ్డది. గోధుమల డబ్బాను తట్టుతున్న చెయ్యి ఆగింది. కింద గుడ్డ తూములకెళ్లి పడే పిండి సన్నబడి, ఆగి ఆగి రాలవట్టింది.

"ఇన్నరా?" అన్నది.

కాటా కాడ కూసొని చినిగిన సంచికి దబ్బనంతోని కుట్లేస్తున్న కుతుబుద్దీన్ తల ఎత్తలేదు. "ఏంది?" అన్నడు పెండ్లాంతోని.

"గదే. పొద్దటి సంది గదే ఒర్లుడు. వాని నోట్ల మన్నువడ."

"ఆటో నడుపుకునేటోడు. జనం దిగాలంటే ఏదో ఒకటి ఒర్లాలె గద."

"ఏదో ఒకటి ఎందుకు? ఎనుకట గిర్ని అని ఒర్లెటోడు గద! గదే నోరు, గదే గొంతు. గిర్ని అంటే నాలుక కాలుతదా వానికి?"

కుతుబుద్దీన్ దారం పండ్లతోని తెంపిండు. "జాన్దో" అన్నడు. పోనియ్ అనుడు ఆయనకు అలవాటు. నడుము నొప్పి మొదలైనప్పటి సంది బస్తాలెత్తుడు పోనిచ్చిండు, రాయికి గంట్లు కొట్టుడు పోనిచ్చిండు, ఇగ లోకం మీద కోపం కూడ పోనిచ్చిండు. పిండి గిర్నిల మనిషి మాత్రం ఖమర్ బీనే. రాయి ఎంత దగ్గరికి బిగియ్యాలె, ఎంత వదులు చెయ్యాలె, పిండిని బొటనవేలు చూపుడువేలు నడుమ నలిపి చూస్తే ఆమెకు తెలుస్తది. కనురెప్పల మీద తెల్లగ పిండి పేరుకొని ఎప్పుడు చూసినా నిద్రలకెళ్లి లేచొచ్చినట్టు కనవడ్తది గని, ఆమె కంటికి తప్పిపోయేది ఏదీ లేదు. రోడ్డు అవుతలిది అసలే తప్పిపోదు.

ఆ అవుతల ఏముందని? సౌందర్య హోటల్ ఉంది. నాలుగు చక్రాల బండి మీద స్టవ్వు పెట్టుకొని వచ్చిన మనిషి, ఇప్పుడు షటర్ కింద స్టీలు బల్లలేసింది. పైన ఇంత పెద్ద ఫ్లెక్సీ. దాని మీద ఆమె ఫొటో, చేతుల ప్లేటు, నవ్వు. పొద్దున్నే హాస్టల్ పిల్లలు, సిమెంట్ దుకాణపోళ్లు, నర్మెట్ట దిక్కు పోయే టీచర్లు, బైకులు రోడ్డు మీదికి వచ్చేదాక నిలవెడ్తరు. నూనెల పూరి ఉబ్బిన వాసన రోడ్డు దాటి గిర్నిలకు వస్తది. ఆ పూరి ఖమర్ బీ పట్టిన పిండే. కడుపు మండకుండ ఎట్లుంటది?

అదీగాక ఈ వాడకు పేరనేది ఒకటే ఉండె. కాగితాల మీద వార్డు నంబరు. ప్లాట్లమ్మిన వెంచరోళ్లు పెట్టుకున్న పేరు వాళ్ల కమాను మీదనే ఎండకు వెలిసిపోయింది. జనగామ బస్టాండ్‌ల బస్సెక్కి నర్మెట్ట తొవ్వ పట్టినోడు ఎవడైనా కండక్టర్‌ను అడిగింది 'గిర్ని కాడ ఆపు' అనే. మోరి అవుతల తుమ్మచెట్లు, మోరి ఇవుతల రాళ్ల గడ్డ ఉన్నప్పుడు కూడ గదే మాట. ఫంక్షన్ హాలు వచ్చినంక, మెడికల్ షాపులు, హాస్టల్, బైకుల షోరూం వచ్చినంక కూడ గదే మాట. పెండ్లి పత్రికల మీద సుత 'గిర్ని దగ్గర' అని అచ్చేసుకునేటోళ్లు. ఆ మాట ఇన్నప్పుడల్లా ఖమర్ బీకి పిండి కొట్టుకపోయిన ఆ రేకుల షెడ్డు కోటలెక్క అనిపించేది. ఎవలకు చెప్పుకోలేదు గని, అనిపించేది.

"అక్కా, మోటర్ ఆపుతవా జర? ఒక మాట."

సౌందర్యే. చంకల గోధుమల సంచి, నెత్తిల కనకాంబరాలు. ఈ మిరపకాయల దినాలల్ల గిర్నికి వచ్చేటోళ్లంత ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొనే వస్తరు, ఆమె కూడ గట్లనే వచ్చింది. మిరపకాయలు పట్టే రెండో మిషిని మోటర్ కాలి వైండింగ్‌కు పోయింది. అందుకని పొద్దుగాల గోధుమలు, జొన్నలు, మధ్యాహ్నం నుంచి మిరపకాయలు, అంతా ఒక్క రాయి మీదనే.

"చెప్పు" అన్నది ఖమర్ బీ, మోటర్ ఆపకుండనే.

"మన బస్సులు ఆగే కాడ కొత్త షెల్టర్ కట్టిన్రు గద. నెత్తి మీద స్టేజి పేరు రాస్తరట. లోపలి గోడకు మన వాడ నక్ష గీస్తరట, పక్కపొంటి చరిత్ర రాస్తరట. హైస్కూల్ సోషల్ సారు లేడా, మహీధర్ సారు? ఆయన పొద్దుగాల చాయ్ తాగుకుంట నన్ను కూసోపెట్టి అడిగిండు. ఎనుకట ఇక్కడ ఏముండె, ఎవరుండె అని."

ఖమర్ బీ చెయ్యి మోటర్ బటన్ మీదికి పోయింది. రాయి గర్రుమనుకుంట ఆగింది.

"నిన్ను అడిగిండా?"

"నన్నే. నాకు నవ్వొచ్చింది. నేను బయ్యారం నుంచి వచ్చిన మనిషిని, నాకేం ఎరుక సారూ అన్న. అయినా ఇడిసిపెట్టలే. నాకు తెలిసింది చెప్పిన."

"ఏం చెప్పినవు?"

"ఏముంది, ఇక్కడ ఏం లేకుండె సారూ, అంత చెట్లూ గడ్డే. నేను బండి పెట్టినంకనే జనం ఆగుడు మొదలైందని చెప్పిన." సౌందర్య తన మాటకు తనే మళ్ల నవ్వింది. "పూరికి మెత్తగ పట్టక్కా, నిన్నటిది జర దొడ్డుగుండె."

సంచి కాటా మీద పెట్టి, రోడ్డుకు అటు ఇటు చూసి దాటుకుంట పోయింది. ఎన్ని బైకులు ఆగి ఆమెకు తొవ్వ ఇచ్చినయో ఖమర్ బీ చూసింది.

ఏం లేకుండె! కుతుబుద్దీన్ దిక్కు తిరిగింది. ఆయన సూది పట్టుకొని కిందికి చూస్తుండు. "ఇన్నరా మీరు? ఏం లేకుండెనట! మరి నేనేంది? మీరేంది? ఈ రాయేంది? చెట్లమా మనం?"

"ఆమెకు ఎరుక లేదు, పాపం."

"పాపమా! దిన్నం నా పిండితోనే పూరి చేస్తది, ఎరుక లేదా?" దొడ్డుగుండెనన్న మాట కూడ యాదికొచ్చి ఒళ్లు మండింది. రాయిని ఇంకింత బిగిచ్చి, మెత్తటి మైదా లెక్క పట్టింది. తన పని మీద ఒక్క మాట పడనియ్యదు, అది ఆమె పట్టు.

షెల్టర్ గోడ కాడ మరునాడు పెద్ద సంబురమే అయింది. పెయింటర్ నిచ్చెన మీద నిలబడి ముందుగాల సుద్దముక్కతోని నక్ష గీస్తుంటే కింద సగం వాడ జమైంది. ఖమర్ బీ గిర్నిని పెనిమిటికి ఒప్పజెప్పి, చున్నీకి అంటిన పిండి దులపకుండనే పోయి నిలవడ్డది. పిండితోని ఉంటేనే నయం, ఎవలో ఏందో చూసినోళ్లకు తెలుస్తది అనుకున్నది.

నక్ష బాగనే ఉంది. అడ్డంగ నర్మెట్ట రోడ్డు. ఇటు కొసకు జనగామ టౌన్, అటు కొసకు ఊర్లు. మోరిని వంకర గీతతోని గీసిండు. ఫంక్షన్ హాలుకు రెండు బురుజులు పెట్టిండు, హాస్టల్‌కు కిటికీలు పెట్టిండు. నట్టనడుమ ఆవిర్లు పోతున్న చాయ్ కప్పు, దాని కింద సౌందర్య టిఫిన్స్. ఖమర్ బీ రోడ్డు ఇవుతలికి చూసుకుంట వచ్చింది. వరుసగ చిన్న చిన్న డబ్బాలు. వాటన్నిటికి కలిపి ఒకటే మాట. ఇండ్లు.

ఇంకోసారి చూసింది, ఎక్కడన్న తప్పిపోయిందేమో అని. తప్పిపోలేదు. లేనే లేదు.

"సారూ" అన్నది. గొంతు తనకే కొత్తగ ఇనవడ్డది. "గిర్ని ఏది?"

మహీధర్ సారు మంచోడు. లాల్చీకి సుద్ద అంటిచ్చుకొని పిల్లగాని లెక్క సంబురంగ ఉండు. "అమ్మా, అన్నీ పెడితే గోడ చాలది. రోజు జనం పోయే జాగలే పెట్టినం. గిర్ని అంటే..." ఆగిండు. "ఇప్పుడు అందరు ప్యాకెట్ల పిండే కొంటుండ్రు గద అమ్మా."

"నా కాడికి వచ్చేటోళ్లు మనుషులు కాదా?"

"అట్ల కాదమ్మా. సరే, ఒక పని చేద్దాం. రేపు పొద్దుగాల స్టేజి పేరు రాస్తం. కౌన్సిలర్ సారు వస్తరు. అందరు ఉంటరు, ఏ పేరంటే అదే. మీరు కూడ రాండ్రి, చెప్పండ్రి."

"చెప్పేదేముంది సారూ" అన్నడు మొగిలి, ఆటోకు ఆనుకొని. "నా ఆటోల ఎక్కేటోళ్లు చెప్పేదే పేరు. సౌందర్యక్క రేపు అందరికి పూరి పెడ్తదట, వట్టిగనే. ఇగ పేరు వేరే రాస్తవా?"

అందరు నవ్విన్రు. సౌందర్య కూడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. పేరు వద్దంటున్నట్టు చెయ్యి ఊపింది గని, మొఖం మాత్రం వెలిగిపోయింది. ఖమర్ బీ ఆ మొఖాన్ని చూసింది. ఆ నవ్వు తనది. ఆ జాగల నిలబడి నవ్వవలసింది తను. ఈ ముచ్చట ఇంకొకరికి చెప్తే ఛీ అంటరని కూడ తెలుసు, అయినా కుళ్లు ఆగుతదా? ఆగలేదు. గిర్నికి వచ్చేదాక దారిపొడుగున ఆ నవ్వే కండ్లల్ల తిరిగింది.

ఆ దినం మానుకోట దిక్కు నుంచి ఎవరో ఏడాదికి సరిపడ మిరపకాయలు తెచ్చి దించిన్రు. పొద్దు వంగేదాక పట్టుడే పట్టుడు. ఎర్రటి కారం గాలిల లేచి, రేకులకు, పట్టకు, కాటా గిన్నెలకు అంటుకున్నది. కుతుబుద్దీన్ తుమ్మి తుమ్మి బయట మంచం మీదికి పోయిండు.

మిరపకాయలు పట్టినంక రాయి కడగాలె. నీళ్లతోని కాదు. గిర్నిలోళ్లు కడుగుడు అంటే పిడికెడు పిడికెడు నూకలు పోసి తిప్పుడు. ముందుగాల ఎర్రగ వస్తది, మళ్ల గులాబి రంగుల వస్తది, మళ్ల తెల్లగ వస్తది. ఆ తెల్లటి పిండి నాలుక మీద వేసుకొని, మంట లేదంటేనే ఇంకొకరి గింజలు పోయాలె. నూకలు గిర్నివే. ఎవ్వరు చూడరు, ఎవ్వరు అడగరు. కడిగినమంటే కడిగినట్టే, ఆ నమ్మకం మీదనే గిర్ని నడుస్తది. ఇన్నేండ్లల్ల ఖమర్ బీ ఏ ఒక్కనాడు కడగకుండ వేరే పిండి పట్టలేదు. జ్వరం ఉన్నా, రంజాన్ల రోజా ఉన్నా, బయట మందలెక్క జనం నిలబడ్డా, కడిగింది.

కొట్టు మూసే యాళ్లకు సౌందర్య వచ్చింది. ఈసారి సంచి కాదు, బస్తా. మొగిలి మోసుకొచ్చి దించిండు.

"అక్కా, రేపటికి. కౌన్సిలర్ సారు వస్తుండు, మనది ఇజ్జత్ సవాల్" అన్నది సౌందర్య, కొంగు ముక్కు మీద ఒత్తుకొని. "నేను పోయి ఆలుగడ్డలు ఉడకేసుకుంట. మొగిలన్న వచ్చి తీసుకపోతడు."

మనది అన్నది. ఖమర్ బీకి ఆ మాట చెవుల పడ్డది గని లోపలికి పోలేదు. ఆమె నూకల డబ్బా మూత తీసింది. పిడికిలి నింపింది. పిడికిలి నింపి అట్లనే నిలవడ్డది.

రోడ్డు అవుతల షెల్టర్ తెల్లగ కనవడ్తుంది. సుద్దతోని గీసిన చాయ్ కప్పు కూడ.

పిడికిలి ఇప్పింది. నూకలు మళ్ల డబ్బాలనే రాలినయి. ఏమైతది, ఒక్కసారికి? జర కారం తగుల్తది. నలుగురు నోరు మండిందంటరు. పూరి బాగలేదంటరు. అంతే గద. మనిషి సస్తదా ఏంది. ఇట్ల తనకు తనే చెప్పుకుంట మోటర్ వేసి, బస్తా మూతి రాయి మీది డబ్బాలకు వంచింది. మొదలు వచ్చిన పిండి ఎర్రగ వచ్చింది. దాన్ని అడుగుకు పోనిచ్చింది. పైన తెల్లటిది పడ్డది.

బయట మంచం మీదికెళ్లి కుతుబుద్దీన్ అడిగిండు. "రాయి కడిగినవా?"

"కడిగిన" అన్నది.

ఆయన ముప్పై ఏండ్ల సంది రాయి మోత ఇంటున్న మనిషి. నూకలు పడితే రాయి ఒక తీరుగ అరుస్తది. అది ఆయనకు ఇనవడలేదు. అయినా అటు మర్లి పండుకున్నడు.

పొద్దున నూనె వాసన రాలేదు.

ఖమర్ బీ నమాజు చదువుకొని, గిర్ని తలుపు తీసి, పట్ట ఎక్కిచ్చి, ఊకెనే కాటా తుడుచుకుంట నిలవడ్డది. షెల్టర్ కాడికి జనం వస్తుండ్రు. పెయింటర్ రంగు డబ్బాలు తెరిచిండు. సౌందర్య హోటల్ షటర్ సగం దాక లేచి ఉంది. లోపలికెళ్లి దగ్గు ఇనవడ్తుంది. ఒకరిది కాదు, ఇద్దరు ముగ్గురిది.

మొదలు లోపల ఏదో చల్లగ అనిపించింది. అబద్ధమెందుకు, సంతోషమే అది. కాటా తుడిచే చెయ్యి జోరందుకున్నది.

అంతట్ల మొగిలి ఉరుక్కుంట బయటికొచ్చి ఆటో తిప్పిండు. సౌందర్యను చెయ్యి పట్టుకొని ఎక్కిచ్చిండు. ఆమె రెండు కండ్లు మూసుకొని, చెంగు తడిపి కండ్ల మీద ఒత్తుకున్నది. చేతులు మోచేతుల దాక ఎర్రగ ఉబ్బినయి. ఆటో దవాఖాన దిక్కు పోయింది.

కాటా మీది చెయ్యి ఆగిపోయింది. "యా అల్లా" అన్నది ఖమర్ బీ. అంత పిండిని పొద్దున్నే మోచేతుల దాక పెట్టి పిసుకుతదని, చెమట పడితే ఆ చెయ్యితోనే కన్ను తుడుచుకుంటదని ఎందుకు తట్టలేదు? పిండి పట్టేటిదానికి, పిండి పిసికేటిది ఎట్లుంటదో తెల్వదా? తట్టలేదు. తట్టనియ్యలేదు.

కౌన్సిలర్ వచ్చిండు. పూరి లేదంటే ఉప్మా ఎవరో తెచ్చిన్రు. హోటల్‌ల పనిచేసే ఆడామె బయటికొచ్చి పిండిల కారం కలిసిందని చెప్తుంటే, జనం ఒక్కొక్కరు గిర్ని దిక్కు తిరిగి చూసిన్రు. ఖమర్ బీ తలుపు నీడలకు జరిగింది. కుతుబుద్దీన్ మాత్రం జరగలేదు. మంచం మీద కూసొని పెండ్లాం దిక్కే చూస్తుండు. ఆ చూపుల తిట్టు లేదు. తిడితే నయముండె.

సౌందర్య మళ్ల వచ్చింది. ఒక కంటికి దూది, దాని మీద ప్లాస్టర్. ఇంకో కన్ను మిరపపండు లెక్క ఉంది. జనం ఆమె సుట్టూ మూగిన్రు.

"గిర్నిల పొరపాటా అక్కా?" మొగిలి గట్టిగనే అడిగిండు, ఇవుతలికి ఇనవడేటట్టు.

"లే, లే. నాదే పొరపాటు" అన్నది సౌందర్య. "మిరపకాయల తొడిమెలు తీసిన చెయ్యి కడుక్కోకుండ పిండిల పెట్టిన. ఆగమాగంల ఉన్న." ఆ తర్వాత మహీధర్ సారు దిక్కు తిరిగింది. "సారూ, నేనొకటి చెప్తే ఇంటరా? గిర్ని అనే రాయున్రి. నేను రాకముందు సంది గదే పేరు. నాకెందుకు సారూ పేరు."

మొగిలి ఆటో దిక్కు నడిచిండు. సారు మొఖంల సిగ్గు కనవడ్డది. "అవును, నిజమే. నేను కూడ అడగలేదు" అనుకుంట గోడ మీది డబ్బాల వరుసను చేత్తో చెరిపి, ఒక రేకుల షెడ్డు గియ్యుమని పెయింటర్‌కు చెప్పిండు. షెల్టర్ నెత్తి మీద నీలం రంగుతోని గిర్ని స్టేజి అని పెద్ద అక్షరాలు లేచినయి.

ఖమర్ బీ తలుపు కాడి నుంచే చూసింది. ఒక్కొక్క అక్షరం పూర్తయితుంటే, ఇన్నేండ్లు కడుపుల పెట్టుకొని మోసిన ఆశ తీరుతుంటే, మనిషికి ఎంత సంబురం కావాలె? కాలేదు.

మధ్యాహ్నం రోడ్డు దాటి పోయింది. సౌందర్య ఒక్కతే బల్ల మీద తల ఆనిచ్చి కూసున్నది. మూలకు ఆ పిండి బస్తా, దాని మూతి గట్టిగ కట్టి ఉంది.

"కన్ను ఎట్లుంది?" అన్నది ఖమర్ బీ.

"ఉంటది అక్కా. రెండు దినాలు మంట ఉంటదన్నరు."

"ఆ పిండి ఇయ్యి. నా గోధుమలతోని మళ్ల పట్టి ఇస్త."

సౌందర్య మంచి కన్నుతోని చూసింది. "మా అవ్వ బయ్యారంల గిర్నికి కూలి పోయేది. నేను సంకన ఉండంగ సంది కారం వాసన ఎరుక నాకు. పిండిల చెయ్యి పెట్టంగనే తెలిసింది, రాయి కడగలేదని."

ఖమర్ బీ చూపు మూలకున్న బస్తా మీదికి పోయింది.

"మరిచిపోయినవా అని అడుగుదామనుకున్న" అన్నది సౌందర్య నిమ్మలంగ. "గని నువ్వు మరిచిపోయే మనిషివి కాదు. పేరు కోసమే గద అక్కా? ఉంచుకో. పేరు నువ్వే ఉంచుకో."

"మరి అందరి ముందల నీ మీదేసుకున్నవెందుకు?"

"అందరి ముందల నీ పేరు చెప్తే నా కంటి మంట తగ్గుతదా?" అన్నది. లేచి, స్టవ్వు కాడి గిన్నెలు సదురుకున్నది, అంతే. పో అనలేదు, కూసో అనలేదు.

తెల్లారితే మొగిలి గొంతు మారింది. "గిర్ని! గిర్ని స్టేజి దిగేటోళ్లు!" బస్సు కండక్టర్లు అన్నరు, హాస్టల్ పిల్లలు ఫోన్లల్ల అన్నరు, పార్సిల్ తెచ్చేటోడు అన్నడు. పొద్దటి సంది పొద్దుగూకేదాక గదే పేరు. ఖమర్ బీకి ఒక్కొక్కసారి ఇనవడ్డప్పుడల్లా ఎవరో దానం ఏసినట్టనిపించింది. రోడ్డు అవుతల మాత్రం పూరి వాసన మళ్ల మొదలైంది. ఆ పిండి ఎక్కడిదో ఆమెకు తెల్వదు. సౌందర్య గోధుమలు పట్టుకొని ఇటు రాలేదు. ఖమర్ బీ దినాం ఎదురుచూసింది. ఎవరన్న సంచి తెచ్చి దించితే, ముందుగాల ఆ సంచి ఎవలదో చూసింది.

సంతనాడు చూసింది. మొగిలి ఆటోల ఎనుక సీటుకు సౌందర్య, ఆమె కాళ్ల కాడ గోధుమల బస్తా. పక్కన ఇద్దరు ఆడోళ్లు, ముందల కాలేజీ పిల్లగాడు. ఆటో టౌన్ దిక్కు తిరిగింది. టౌన్ల పట్టిస్తుంది. కిరాయి పెట్టుకొని పోయి, ఎదురుంగ ఉన్న గిర్నిని ఇడిసిపెట్టి, ఎవని కాడనో పట్టిస్తుంది.

ఖమర్ బీ చేతుల పని చేతులనే ఉంది. రోడ్డు మీదికి ఎట్ల వచ్చిందో ఆమెకే తెల్వదు. రెండు చేతులు అడ్డం పెట్టి ఆటో ముందల నిలవడ్డది.

మొగిలి బ్రేకు కొట్టిండు. "ఏందక్కా! సావాలనుందా?"

ఆమె మొగిలిని చూడలేదు. "సౌందర్య" అన్నది. గిర్ని కాడ మంది నిలబడి చూస్తుండ్రు. చూస్తే చూడనియ్ అనిపించింది. "నేనే కడగలే. మరిచిపోయి కాదు. తెలిసే కడగలే. నీ మీద కుళ్లుకొని కడగలే. నీ కన్ను కరాబయింది నా వల్లనే."

ఆటోలున్న ఆడోళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. మొగిలి నోరు తెరిచిండు. సౌందర్య కంటికి ఇంక ఎర్రజీర ఉంది. ఆ కన్నుతోనే ఖమర్ బీని చూసింది.

"నాకు తెలుసక్కా" అన్నది. "ఇప్పుడు వీళ్లకు సుత తెలిసింది." బస్తా మీద చెయ్యి వేసి దగ్గరికి జరుపుకున్నది. "పోనియ్ మొగిలన్నా. టౌన్ గిర్నిల లైన్ ఉంటది."

ఆటో పోయింది.

ఖమర్ బీ మర్లి వచ్చింది. గిర్ని ముందల నిలబడ్డోళ్లు తొవ్వ ఇచ్చిన్రు. ఇద్దరు తమ సంచులు చప్పుడు చెయ్యకుండ ఎత్తుకొని పోయిన్రు. కుతుబుద్దీన్ నడుము పట్టుకొని లేచి వచ్చి కాటా కాడ నిలవడ్డడు. పెండ్లాం భుజం మీద చెయ్యి వెయ్యలేదు గని, పక్కకే నిలవడ్డడు.

మిగిలింది ఒక్క ఉప్పలమ్మ. పక్క గల్లీల ఉండే ముసలామె, జొన్నల గంప తెచ్చింది. ఖమర్ బీ ఆ గంప అందుకోబోయింది. ఉప్పలమ్మ ఇయ్యలేదు.

"ముందుగాల రాయి కడుగు."

"పొద్దటి సంది మిరపకాయలు పట్టలే అవ్వా. నిన్ననే కడిగిన."

"నా కండ్ల ముందల కడుగు బిడ్డా."

ఖమర్ బీ నూకల డబ్బా తెరిచింది. పిడికెడు పోసింది, ఇంకో పిడికెడు పోసింది, మోటర్ వేసింది. ఉప్పలమ్మ గంప చంకకెత్తుకొని తూము కాడికి వచ్చి నిలవడ్డది. తెల్లగ పడుతున్న పిండి కింద అరచెయ్యి పట్టింది. నాలుక మీద వేసుకొని, కండ్లు మూసుకొని, శానాసేపు చప్పరిచ్చింది.

"ఇంకోసారి కడుగు" అన్నది.